మూడు పళ్లు, లింగం పెద్దరికం

మేడ్చల్ ఆటోస్టాండులో లింగం నవ్వగా చూసినవాళ్లు పదకొండేళ్లపాటు ఎవరూ లేరు. ఎవరైనా హాస్యమాడితే భుజం మీది తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు కిందికి దించి నిలబడేవాడు. పొడగరి, నెరిసిన మీసం, తక్కువ మాట. ఇంతటి నిదానస్తుడు ఈ చుట్టుపక్కల మరొకడు లేడనుకునేవాళ్లు అందరూ. నేనూ అనుకున్నాను. పేట్ బషీరాబాద్‌లో మా కాలనీ గేటు నుంచి సుచిత్రలోని ఆఫీసుకు ఆరేళ్లు అతని ఆటోలోనే వెళ్లాను. ఆ ఆరేళ్లలో అతను నాతో అన్న మాటలన్నీ కలిపి రాస్తే ఒక పోస్టుకార్డు నిండదు.

అసలు సంగతి అతని భార్య మైసమ్మకు తెలుసు. ఆమె తమ్ముడు శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. పొద్దున్నే వాటిని తెచ్చి మేడ్చల్ మార్కెట్‌లో ఆమె అమ్ముతుంది. ఆ తమ్ముడి పెళ్లిలోనే లింగం కూల్‌డ్రింక్ సీసాల మూతలు పళ్లతో తీస్తానని పందెం కట్టాడు. ఏడు సీసాలు తీశాడు. ఎనిమిదో సీసాకు మూత రాలేదు, పన్ను వచ్చింది. దాని పక్కవి రెండు కదిలి, దసరా లోపల అవీ రాలిపోయాయి. పైవరసలో ముందువి మూడు పళ్లు పోయేసరికి లింగం నోటి మీదికి తువ్వాలు ఎక్కింది.

ఆ తువ్వాలే అతన్ని పెద్దమనిషిని చేసింది. సవారీ కోసం ఇద్దరు డ్రైవర్లు కొట్లాడుకున్నా, అన్నదమ్ములకు గోడ దగ్గర పేచీ వచ్చినా లింగం దగ్గరికే వచ్చేవాళ్లు. అతను ఇద్దరి మాటా పూర్తిగా వినేవాడు. చివరికి తువ్వాలు వెనక నుంచి, "ఇద్దరిది తప్పే. పోండ్రి" అనేవాడు. ఏ తగాదాకైనా అదే తీర్పు. అంతకంటే పెద్ద మాట చెబితే గాలి బయటికి తన్నుకొస్తుందని అతని భయం. వాళ్లు మాత్రం ఇంటికి వెళ్లి తమ తప్పేమిటో వెతుక్కునేవాళ్లు, ఎంతో కొంత దొరికేది కూడా. స్టాండు యూనియన్‌కు మూడుసార్లు అతన్నే పోటీ లేకుండా అధ్యక్షుణ్ని చేశారు.

"మా ఆయన పెద్దమనిషా?" అనేది మైసమ్మ చేపలు తూస్తూ. "ఇంటికొచ్చి గోడకు మొకం బెట్టి నవ్వుతడు. మీకేం ఎరుక."

ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

సుచిత్రలో పళ్ల ఆసుపత్రి నడిపే డాక్టర్ సాయిప్రియ కూడా అతని గాంభీర్యం చూసే పని ఇచ్చింది. ఆమెది భీమవరం వైపు, మా కాలనీలోనే ఉంటుంది. ఆమె దగ్గరికి ఒమాన్ నుంచీ కెన్యా నుంచీ పళ్లు కట్టించుకోవడానికి మనుషులు వస్తారు. పది రోజులు ఇక్కడ గది తీసుకుని ఉంటారు. వాళ్లను గది నుంచి ఆసుపత్రికీ, ఆసుపత్రి నుంచి గదికీ తిప్పడానికి, వాగకుండా బండి నడిపే మనిషి కావాలని ఆమె లింగాన్ని అడిగింది.

లింగం ఆరోజు మామూలు కంటే ఎక్కువ మాట్లాడాడు. "పండ్ల కోసం ఇమానమెక్కి వస్తరా మేడం?"

"వాళ్ల దేశంలో చాలా ఖరీదండి, లింగంగారూ. రానూపోనూ టికెట్లు కలిపినా ఇక్కడే తక్కువ."

లింగం తువ్వాలు సర్దుకుని ఒప్పుకున్నాడు. ఏడాదిన్నరపాటు ఎందరినో తిప్పాడు. బోసినోటితో వచ్చినవాళ్లు నోటినిండా పళ్లతో విమానం ఎక్కడం కళ్లారా చూశాడు. తను మాత్రం ఆసుపత్రి బోర్డు కింద ఆటో ఆపుకుని బయటే కూర్చునేవాడు.

కిందటేడు జనవరిలో సయీద్ వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఒమాన్‌లోని సొహార్ అనే ఊరివాడు. ఇరవై ఏడేళ్లు అక్కడ స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. తోటి డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న హిందీ బాగా వచ్చు. లింగానికి మన హైదరాబాద్ హిందీ వచ్చు. కాబట్టి భాష ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా సయీద్ కూడా డ్రైవరే కావడం. వెనక సీట్లో ముందుకు వంగి కూర్చుని లింగం భుజం పక్కనుంచి రోడ్డు చూసేవాడు.

"హారన్ ఎందుకు కొట్టావు? ముందు ఎవరూ లేరుగా."

లింగం మళ్లీ హారన్ కొట్టాడు.

"రోడ్డు అంచు నుంచి దాటుతున్నావా? మా ఊళ్లో అయితే నీ లైసెన్సు పోయేది."

లింగం దాటేశాడు. రెండు రోజులు ఇలాగే గడిచాయి. మూడో రోజు సయీద్ దవడలో ఐదు చోట్ల, కొత్త పళ్లను నిలబెట్టే స్క్రూలు బిగించారు. మత్తు సూది వల్ల సగం మొహం మొద్దుబారింది, పెదవి ఒక పక్కకు వేలాడుతోంది. కొంపల్లి దగ్గర యూటర్న్‌లో ఒక బైకువాడు, వెనక కూర్చున్నతను ఫ్రిజ్‌ను కౌగలించుకుని ఉండగా, ఎదురు దారిలో వచ్చి ఆటో ముందు అడ్డం తిరిగాడు. సయీద్ లోపలినుంచి తిట్టు ఎత్తుకున్నాడు. అరబ్బీలో మంచి బలమైన తిట్టే అయి ఉంటుంది. కానీ బయటికి 'ఫఫ్ఫా' అని గాలి మాత్రమే వచ్చింది.

లింగం చేతులు రెండూ హ్యాండిల్ మీద ఉన్నాయి. తువ్వాలు భుజం మీదే ఉండిపోయింది. నవ్వు ఆగలేదు. బండి పక్కకు తీసి ఆపి మరీ నవ్వాడు. సయీద్ అద్దంలో చూశాడు.

"నీకూ లేవా?" అన్నాడు వంకర పెదవితో.

లింగం తువ్వాలు అందుకోబోయాడు.

"ఇప్పుడెందుకు అది? చూసేశాను కదా," అన్నాడు సయీద్. "ఎన్నేళ్లయింది?"

"పదకొండు."

"నేను సముద్రం దాటి వచ్చాను. నువ్వు రోజూ ఆ తలుపు ముందు బండి ఆపుతావు. లోపలికి పది అడుగులు వెయ్యలేవా?"

లింగం సాకులు ఎత్తుకున్నాడు. తీరిక లేదన్నాడు. ఈ వయసులో పళ్లు కట్టించుకుంటే స్టాండులో నవ్వుతారన్నాడు. యూనియన్ అధ్యక్షుడికి బాగుండదన్నాడు. సయీద్ ప్రతిదానికీ తల ఊపి విని, మర్నాడు మళ్లీ మొదటి నుంచి అడిగేవాడు. స్కూలు పిల్లలతో ఇరవై ఏడేళ్లు వేగిన మనిషికి ఓపిక తక్కువేం కాదు.

ఆ వారమంతా సయీద్ మెత్తటివే తినాలి. గదిలో రోజూ గంజి తాగి విసిగిపోయానని అంటే, లింగం ఇంటికి తీసుకెళ్లాడు. మైసమ్మ కొర్రమీను ఉడకబెట్టి, ముల్లు లేకుండా ఏరి, అన్నంలో మెత్తగా పిసికి పెట్టింది. కారం తగ్గించి తమ్ముడి చంటిపిల్లకు పెట్టినట్టే పెట్టింది. సయీద్ రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. తర్వాత పళ్ల సంగతి తెచ్చాడు. లింగం తప్పనిసరై ఆ మాటలు భార్యకు తెలుగులో చెప్పాడు, సగం మింగుతూ.

మైసమ్మ ఆ మింగిన సగం కూడా పట్టుకుంది. "టైము లేదని జెప్పిండా? అన్నా, గాయనకు సూదంటే భయం. మొన్న కుక్క గరిస్తె సుత సర్కార్ దవాఖానల నలుగురం వట్టుకున్నం."

"కుక్క గరిస్తె ఏసే సూది వేరే," అన్నాడు లింగం.

"సూది సూదే. చాతగాదని జెప్పు, అయిపోతది."

ఇదంతా తెలుగులోనే సాగినా సయీద్‌కు ఎవరూ అనువాదం చెయ్యాల్సిన పని పడలేదు.

పదో రోజు అతను వెళ్లిపోయాడు. బిగించిన స్క్రూలను దవడ ఎముక గట్టిగా పట్టుకోవడానికి మూణ్నాలుగు నెలలు పడుతుంది, మేలో మళ్లీ వచ్చి వాటి మీద పళ్లు పెట్టించుకోవాలి. వెళ్తూ లింగంతో ఒక మాట అన్నాడు. "నేను వచ్చేసరికి నీ నోట్లో స్క్రూలు లేకపోతే జైపాల్ ఆటో మాట్లాడుకుంటాను."

జైపాల్ అదే స్టాండులో కుర్ర డ్రైవరు. ఆటోలో నీలం లైట్లు, పెద్ద పాటలు. మూడుసార్లూ అధ్యక్ష పదవికి నిలబడాలనుకుని, పెద్దమనిషి మీద పోటీ ఏమిటని అందరూ అంటే ఆగినవాడు. మైసమ్మ ఏడిపింపులకు చలించని లింగం, ఈ పేరు విని ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదట.

ఫిబ్రవరిలో మైసమ్మ చిట్టీ పాడుకుంది. ఒక బుధవారం ఇద్దరూ ఆసుపత్రికి వచ్చారు. సాయిప్రియ లింగాన్ని కుర్చీలో కూర్చోబెట్టి విషయం చెప్పింది. "దవడ ఎముకలో చిన్న స్క్రూ బిగిస్తామండి. అది పట్టుకున్నాక దాని మీద పన్ను పెడతాం."

"నట్టు, బోల్టు లెక్క," అన్నాడు లింగం.

"అలాగే అనుకోండి. భయం లేదు కదా?"

"భయమేం లేదు మేడం. ఇయ్యాల అమాస ఉన్నట్టుంది. ఇంకోనాడు చూద్దాం."

"అమావాస్య వెళ్లి మూడు రోజులైందండి."

లింగం లేవబోయాడు. తలుపు దగ్గర స్టూలు వేసుకుని మైసమ్మ కూర్చుని ఉంది. కాళ్లు బార్లా చాపుకుంది. అటువైపు దారి లేదు. అతను మళ్లీ వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. సూది పడుతున్నప్పుడు భార్య చెయ్యి పట్టుకున్నాడనీ, ఆమె చేతికున్న గాజుల్లో రెండు చిట్లాయనీ నర్సు ప్రణీత తర్వాత నాకు చెప్పింది. లింగాన్ని అడిగితే గాజులు ముందే చిట్లి ఉన్నాయన్నాడు.

మేలో సయీద్ ఎండను తిట్టుకుంటూ దిగాడు. లింగం ఆటో దగ్గర నిలబడి, పై పెదవి వేలితో ఎత్తి చూపించాడు. సయీద్ వంగి, బస్సు టైరు పరీక్షించినట్టు చూసి, "పద" అన్నాడు. అదే వారంలో ఇద్దరికీ పళ్లు పెట్టారు.

అక్కణ్నుంచి లింగం వేరే మనిషి. నిజానికి వేరే మనిషి కాదు, మైసమ్మ గోడకు అవతల చూసిన మనిషే ఇవతలికి వచ్చాడు. మాట్లాడటం మొదలుపెట్టాడు. పేట్ బషీరాబాద్ నుంచి సుచిత్ర దాకా ట్రాఫిక్‌లో ముప్పావుగంట పడితే ముప్పావుగంటా మాట్లాడేవాడు. మామగారి గురించి, గ్యాసు బంకు దగ్గరి లైను గురించి, ఆరేళ్లుగా నా ఫోను మాటలన్నీ విని తనలో తను అనుకున్న సంగతుల గురించి. మా మేనేజరుతో నేను ఎలా నంగిగా మాట్లాడతానో చేసి చూపించాడు. అచ్చం అలాగే ఉంది. నాకు నచ్చలేదు.

జూన్‌లో స్టాండులో ఒక తగాదా వచ్చింది. మల్లేశం ఎక్కించుకోబోయిన పెళ్లివాళ్లను జైపాల్ పిలుచుకున్నాడు. పెళ్లివాళ్లు ఇద్దరి ఆటోల్లోనూ చెరి సగం ఎక్కి కూర్చుని, సామాను మూడో ఆటోలో పెట్టుకున్నారు. ఇద్దరూ ఊగిపోతూ లింగం దగ్గరికి వచ్చారు. అతను వినడం మొదలుపెట్టాడు. పెళ్లికూతురి మేనత్త ఒక ఆటోలో, ఆమె చెప్పుల సంచి ఇంకో ఆటోలో వెళ్లిన దగ్గరికి వచ్చేసరికి లింగం నవ్వేశాడు. ఆపుకుందామని మీసం పట్టుకున్నాడు. ఆగలేదు.

"నగుతున్నవేందన్నా? మేం పరేషాన్‌ల ఉంటే," అన్నాడు మల్లేశం.

"ఇద్దరిది…" అని మొదలుపెట్టి లింగం మళ్లీ నవ్వాడు.

తీర్పు లేకుండా పోయింది. మల్లేశం, జైపాల్ కాసేపు మొహాలు చూసుకుని, చివరికి వాళ్లూ నవ్వి, టీ తాగడానికి వెళ్లారు. కానీ మాట స్టాండంతా పాకింది. తగాదాలు అతని దగ్గరికి రావడం తగ్గింది. ఆగస్టులో జైపాల్ అధ్యక్షుడయ్యాడు. లింగం రెండు రోజులు మౌనంగా బండి నడిపాడు. మూడో రోజు నేనే అడిగాను, బాధగా ఉందా అని.

"కొంచెం ఉన్నది సార్. అబద్ధమెందుకు," అన్నాడు. సిగ్నల్ దాటాక మళ్లీ అన్నాడు. "కని పదకొండేండ్లు నా ముంగట ఎవడు జోక్ ఎయ్యలే సార్. పెద్దమనిషని. ఇప్పుడు అందరు ఏస్తున్నరు. మస్తుంది."

సయీద్ నెలకోసారి ఫోన్ చేస్తాడు. పళ్లు ఎలా ఉన్నాయని ఇద్దరూ ఒకరినొకరు అడుగుతారు. వీడియోలో ఒకరికొకరు చూపించుకుంటారు. తర్వాత డ్రైవింగ్ గురించి దెబ్బలాడుకుంటారు. రోడ్డు అంచు నుంచి దాటకుండా మీ ఊళ్లో బండి ఎలా నడుస్తుందో నేను వచ్చి చూడాలి అని లింగం ఒకసారి అన్నాడు. రా మరి, అన్నాడు సయీద్. అన్న మాట పట్టుకుని లింగం పాస్‌పోర్టుకు పెట్టాడు. అక్కడ ఫోటో తీసే అమ్మాయి నోరు మూయమని నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చిందట.

మైసమ్మ కూడా పాస్‌పోర్టుకు పెట్టింది. ఒక్కణ్ని పంపితే అక్కడ కూడా నవ్వుతూ బండి పక్కకు ఆపుకుంటాడని ఆమె కారణం. ఈమధ్య ఆమె దగ్గర చేపలు కొనడానికి వెళ్తే నన్నూ, పక్కనున్న వాళ్లనూ, డాక్టరమ్మనూ ఒకటే అడుగుతోంది.

"ఎండుచేపలు ఇమానంల తీస్కపోనిస్తరా సారు? ఆ అన్నకు ఇప్పుడు పండ్లున్నయి గద. గట్టియే పెడదామని."

కనుక్కుని చెబుతానన్నాను. ఇంకా కనుక్కోలేదు.