ఇంజనీరుగారి మంచం

ఆయన ఇంజనీరు కాదు. లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేసే ఉద్యోగం. అయినా బంధువర్గం మొత్తం ఆయనను ఇంజనీరుగారనే పిలుస్తుంది. ఈ బిరుదు వెనుక ఒక చారిత్రక సంఘటన ఉంది. పెళ్లయిన కొత్తలో అత్తవారింటికి వెళ్లినప్పుడు ముందుగదిలో ఫ్యాను ఆగిపోయింది. అందరూ ఉసూరుమంటుంటే, మాట్లాడటానికి ఏమీ తోచక మూల కూర్చున్న కొత్తల్లుడు లేచి వెళ్లి, చేతులకు ఏదో ఒక పని ఉండాలి గనుక, రెగ్యులేటరు మీద వేలితో కొట్టాడు. ఫ్యాను తిరిగింది.

"అబ్బాయి చేతిలో ఏదో ఉంది," అన్నారు అత్తగారు.

అంతే. ఆ చేతిలో ఏమీ లేదని చెప్పుకునే అవకాశం ఆయనకు మళ్లీ రాలేదు. అది మొదలు ఇంట్లో ఏది చెడినా ఆయన ముందుకే వచ్చేది. నలుగురు పెట్టుకున్న నమ్మకాన్ని వమ్ము చేయడానికి బోలెడు ధైర్యం కావాలి. ఆయన దగ్గర ఉన్నది స్క్రూడ్రైవరు మాత్రమే.

ఆయన మరమ్మతుల్లో ఒక ప్రత్యేకత ఉండేది. మారేది వస్తువు కాదు, దాన్ని వాడేవాళ్లు. వంటింటి కుళాయి బాగుచేశాక, అందులో నీళ్లు రావాలంటే బాత్రూములో కుళాయి కూడా కాస్త తిప్పి ఉంచాలి. గోడకు ఆయన బిగించిన అరల మీద గుండ్రటి వస్తువేదీ పెట్టకూడదు. పడగ్గది తలుపు సంగతి సరేసరి. పిడి పట్టుకుని, కొంచెం పైకెత్తి, భుజంతో ఒక్క నెట్టు నెట్టాలి. ఇంటికి వచ్చిన చుట్టాలకు మంచినీళ్ల కంటే ముందు ఈ తలుపు మర్మం చెప్పేది ఆయన భార్య. అయినా ఆమె ఏనాడూ ఆయనను పల్లెత్తు మాట అనలేదు.

ఇలా ఉండగా అత్తగారు కాలు జారి పడ్డారు. తుంటికి ఆపరేషను అయింది. కొన్నాళ్లు కూతురి దగ్గర ఉంచుకోవాలని నిర్ణయం. "ఎత్తు మంచం కావాలి. ఇంకోసారి పడ్డారంటే మాత్రం నేనేమీ చేయలేను," అన్నాడు డాక్టరు. కొత్త మంచానికి ఆర్డరు పెట్టారు. ఆవిడ వచ్చే రోజు పొద్దున అది వచ్చింది, అయితే మంచంలా కాదు, అట్టపెట్టెల్లో పలకలుగా.

దానితోపాటు ఒక కాగితం. అందులో అక్షరం ముక్క లేదు, అన్నీ బొమ్మలే. మొదటి బొమ్మలో ఒకడు పలకలను చూసి నవ్వుతున్నాడు. చివరి బొమ్మలో మంచం పక్కన నిలబడి అదే నవ్వు నవ్వుతున్నాడు. మధ్య బొమ్మల్లో వాడి చేతులే కనిపిస్తాయి, మొహం చూపించలేదు. ఎందుకు చూపించలేదో మధ్యాహ్నానికల్లా ఇంజనీరుగారికి అర్థమైంది. ఎలాగైతేనేం, పడగ్గదిలో మంచం నిలబడింది. చేత్తో అదిమితే కిర్రుమంది. ఇంకొంచెం అదిమితే, ఏదో చెప్పుకోవాలన్నట్టు ఇంకొంచెం స్పష్టంగా కిర్రుమంది.

"ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందండీ," అంది భార్య, దానికి బారెడు దూరంలో నిలబడి.

"ఓసారి కూర్చుని చూడు."

"అమ్మ కోసం తెచ్చింది, మొదట అమ్మే కూర్చోవాలి. పోనీ మీరు కూర్చోండి."

"నా బట్టలు దుమ్ముకొట్టుకుపోయాయి."

ఇద్దరూ మంచాన్ని కాసేపు గౌరవంగా చూశారు.

"అన్నట్టు అమ్మకి మందులు తేవాలండీ. నింపాదిగా వెళ్లి రండి, తొందరేం లేదు."

ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు ఆయన చెప్పులేసుకున్నారు. మందుల షాపు కుడివైపు. ఆయన ఎడమవైపు తిరిగారు. వీధి చివర వడ్రంగి దుకాణం ఉంది. వడ్రంగి సంచిలో పనిముట్లు సర్దుకుంటున్నాడు.

"చిన్న సాయం చేయాలయ్యా. మా ఇంట్లో మంచం..."

"అక్కడికే బయల్దేరాను సార్. ఇప్పుడే అమ్మగారు ఫోన్ చేశారు. 'ఆయన్ని బయటికి పంపించాను, రా' అన్నారు."

ఇంజనీరుగారు అక్కడున్న స్టూలు మీద కూలబడ్డారు. "నాకు చెప్పొద్దందా?"

"అది వేరే చెప్పాలా సార్, ఎప్పుడూ ఉన్నదే కదా."

"ఎప్పుడూ అంటే?"

వడ్రంగి నాలిక కరుచుకున్నాడు. "హాల్లో కుర్చీల సంగతి మీకు తెలీదా?"

తన చేతుల మీదుగా సక్రమంగా జరిగిన పని ఆ కుర్చీలేనని ఆయన ఇన్నేళ్లూ మురిసిపోతున్నారు.

"సరే, వెళ్లు. నేనిక్కడికి వచ్చానని ఆవిడకి చెప్పకు."

"మీ ఇద్దరి మధ్యా నాకు నోరు లేకుండా పోతోంది సార్," అంటూ వడ్రంగి సైకిలెక్కాడు.

మందులు కొని ఇల్లు చేరేసరికి వడ్రంగి మెట్లు దిగుతున్నాడు. "పక్క పట్టీలు అటుది ఇటు, ఇటుది అటు బిగించారు సార్. కొక్కేలు సగమే పట్టాయి. మార్చేశాను, ఇక భయం లేదు," అని గుసగుసగా చెప్పి వెళ్లిపోయాడు.

లోపల భార్య మంచం మీద హాయిగా కూర్చుని ఉంది. "ఇప్పుడు చప్పుడు రావట్లేదండీ. దానంతటదే సర్దుకుంది."

"కొత్త చెక్క కదా, సర్దుకుంటుంది," అన్నారాయన గంభీరంగా.

సాయంత్రం అత్తగారు వచ్చారు, ఒక పక్క కూతురు, ఒక పక్క చేతికర్ర. మంచం దాకా వచ్చి ఆగిపోయారు.

"ఇది ఎవరు బిగించారే?"

"ఆయనే అమ్మా."

"ఆహా," అన్నారు అత్తగారు. కూర్చోలేదు. "కాసేపు ఇలా నిలబడతాను. డాక్టరు నిలబడమన్నాడు."

డాక్టరు అలా అన్నట్టు ఎవరికీ గుర్తులేదు. చేతికర్ర మాత్రం వణుకుతోంది. ఆ వణుకు చూసేసరికి ఇంజనీరుగారు తన బిరుదు మీద ఆశ వదులుకున్నారు.

"నేను బిగించింది తప్పు అత్తయ్యా. వడ్రంగి వచ్చి సరిచేసి వెళ్లాడు."

భార్య చటుక్కున ఇటు తిరిగింది. "మీకెలా తెలుసు?"

"నేనూ వాణ్ణి పిలవడానికే వెళ్లాను."

"హమ్మయ్య," అంటూ అత్తగారు మెల్లగా కూర్చున్నారు. మంచం కిక్కురుమనలేదు. ఆవిడ దిండుకు ఆనుకున్నారు. "ఆ ముక్క ముందే చెప్పకూడదా నాయనా. కొత్త మంచం అన్న దగ్గర్నుంచీ అదే బెంగ, కాలు నొప్పి కూడా మర్చిపోయాను. అయినా తప్పు నాదేలే. ఆ రోజు ఫ్యాను తిరిగింది పోయిన కరెంటు తిరిగొచ్చి, అంతే. ఎదురింటి రేడియో కూడా అప్పుడే మోగింది. నువ్వేమో బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు. ఏదో ఒకటి మెచ్చుకుంటే నోరు విప్పుతావనుకున్నాను. ఇల్లంతా విప్పుతావనుకోలేదు."

ముందు భార్య నవ్వింది. తర్వాత ఆయన నవ్వారు, చాలాకాలంగా బిగించి ఉన్నదేదో వదులైనట్టు.

మర్నాడు వడ్రంగి, భార్యాభర్తలిద్దరూ ఇంట్లో ఉండగానే, దర్జాగా బెల్లు కొట్టి లోపలికి వచ్చాడు. అరలు సరిచేశాడు. కుళాయికి ఇంకొకణ్ణి పంపిస్తానన్నాడు. పడగ్గది తలుపు వేలితో తోస్తే తెరుచుకునేలా చేసి వెళ్లాడు.

సాయంత్రం ఇంజనీరుగారు అత్తగారికి మందు గ్లాసు పట్టుకుని ఆ తలుపు దగ్గరకు వచ్చారు. అలవాటు చొప్పున పిడి పట్టుకుని, పైకెత్తి, భుజంతో ఒక్క నెట్టు నెట్టి, అదే ఊపున గది మధ్యకు దూసుకొచ్చి, మంచం పట్టుకుని నిలదొక్కుకున్నారు. మంచం కదల్లేదు.

"మెల్లిగా బాబూ," అన్నారు అత్తగారు, చీర మీద పడ్డ మందు తుడుచుకుంటూ. "ఈ ఇంటికి ఒక తుంటి ఆపరేషను చాలు."