ఘనపాఠిగారి నోట మూడు పేజీలు

ఘనపాఠిగారు పోయారు. ఆ రోజు నేను కాకినాడలో పదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. టీకి బయటికొచ్చి మా స్కూలుకి ఫోన్ చేస్తే అటెండరు చెప్పాడు. "మన ఘనపాఠిగారు పొద్దున్న కాలం చేసేరండి మాస్టారూ. తీసుకెళ్ళిపోయేరు కూడానండి." సెలవు అడిగి, బస్సెక్కి, కొత్తపేటలో దిగేసరికి వాళ్ళ అరుగు కడిగేసి ఉంది. ఆఖరి చూపు దక్కలేదు.

ఆయన మా పక్కింటాయన. వేదం ఘనాంతం, అంటే పాఠాల్లో ఆఖరి మెట్టు దాకా, నోటికి చదువుకున్న మనిషి. నేను లెక్కల మాస్టర్ని, వరి పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి. మా ఇద్దరి మధ్యా మాట కలవడానికి కారణం నేను రాసిన ఒక చిన్న కథ.

తొంభైల మొదట్లో నా భార్య పోయింది. పిల్లలు లేరు. బడి ఉన్న రోజులు ఎలాగో గడిచేవి, ఆదివారం గడవడమే బ్రహ్మప్రళయం. అలాంటి ఒక ఆదివారం కూర్చుని కథ రాశాను. కపిలేశ్వరపురం రేవులో ఒక పదేళ్ళ పిల్ల, గోదావరి మధ్యనున్న లంకలో పనికెళ్ళిన తండ్రి కోసం అన్నం కేరేజీ పట్టుకుని పొద్దుటి నుంచి నిలబడి ఉంటుంది. తండ్రి ఏ పడవలోనూ రాడు. ఆఖరి పడవ కూడా చూసి పిల్ల ఇంటికి తిరిగిపోతుంది. అంతే కథ, మూడు పేజీలు. ఒక వారపత్రికలో వచ్చింది.

పత్రిక పట్టుకుని అరుగు మీద కూర్చుంటే ఘనపాఠిగారు పలకరించారు. "ఏవిటండీ అది? చదవండి, విందాం." చదివాను. "మరోసారి చదవండి," అన్నారు. మళ్ళీ చదివాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. బాగుందనీ అనలేదు, బాగులేదనీ అనలేదు.

పై ఆదివారం నన్ను పిలిచి కూర్చోబెట్టి, నా కథ మొదటి మాట నుంచి చివరి మాట దాకా నాకే అప్పజెప్పారు. ఒకచోట 'పడవ పడవ' అన్నారు. "అక్కడ ఒక్కసారేనండీ," అన్నాను. "ఆయ్, మీరు దగ్గొచ్చి రెండుసార్లు అన్నారు కదండీ. విన్నది విన్నట్టు ఉంచడమే మా పని. దిద్దడం మా పని కాదండి," అన్నారు. ఇన్నేళ్ళలో ఆ రెండో పడవని ఆయన వదిలిపెట్టలేదు.

ఆ ఏడో, పై ఏడో పెద్ద తుఫాను వచ్చింది. మా ఇంటి పెంకులు లేచిపోయి, ట్రంకుపెట్టె నిండా నీళ్ళు నిలిచి, పత్రికా చిత్తుప్రతీ ముద్దయిపోయాయి. నేనేం బాధపడలేదు. పక్కింట్లో కథ భద్రంగా ఉంది కదా అనుకున్నాను. పైగా రాజమండ్రి నుంచి ఒక ప్రచురణకర్త ఉత్తరం రాశాడు. మీ కథలో నవల ఉంది, రెండు వందల పేజీలు చెయ్యండి, వేస్తాను అని. నవలా రచయిత అనిపించుకోవాలని నాకు పీకలదాకా ఉంది. మొదలుపెట్టాను.

తండ్రికి అప్పులు పెట్టాను, రెండో సంసారం పెట్టాను, లంకలో తగాదా పెట్టాను. నూట ఇరవై పేజీలు అయ్యాక వరసగా నాలుగు ఆదివారాలు ఆయనకి చదివి వినిపించాను. అంతా విని, "మాస్టారూ, ఆ పిల్ల ఎక్కడుందో వెతుక్కోవలసొస్తోందండి," అన్నారు.

నాకు కోపం వచ్చింది. "మీరు మాత్రం పెంచరాండీ? ఘన అంటే పెంచడమే కదా!" అన్నాను.

ఆయన నవ్వారు. "పెంచుతామండి. మూడు పదాలని పదమూడు చేస్తాం. ముందుకి చెప్తాం, వెనక్కి చెప్తాం, మళ్ళీ ముందుకి చెప్తాం. ఆ మూడే తప్ప బయటిది ఒక్కటీ రాదండి. పెంచడం వేరు, పొయ్యడం వేరు." ఆ మాటకి వారం రోజులు ఆయన అరుగు తొక్కలేదు. తరవాత ఉండలేక నేనే వెళ్ళాను.

అలా పదేళ్ళ పైన గడిచింది. నవల రాయడం, ఆపడం. ఎప్పుడు బెంగ పుట్టినా ఆదివారం పదకొండింటికి వెళ్ళి, "ఓసారి చెప్పండి," అనేవాణ్ణి. ఆయన చెప్పేవారు. తరవాత దాని మీద మాటలు. ఒంటిగంట, రెండు అయిపోయేది. మెస్సులో నాకు మూడింటిదాకా భోజనం దొరుకుతుంది కనక తొందర లేదు. ఆయన చెబుతుంటే ఒక్కసారయినా రాసుకోలేదు. బద్ధకం అని అందరికీ చెబుతాను. నిజం అది కాదు. రాసుకుంటే మళ్ళీ వెళ్ళడానికి నాకు వేరే వంక లేదు.

పన్నెండో రోజు కూడా అయ్యాక, నా నూట ఇరవై పేజీలు ముందేసుకుని అందులోంచి ఆ మూడు పేజీలు ఏరుదామని కూర్చున్నాను. ఇన్నేళ్ళ కొట్టివేతల్లో ఏది పాత వాక్యమో, ఏది నేను తరవాత పోసిందో తెలియలేదు. కథ వేసిన వారపత్రిక ఎప్పుడో మూతపడింది. నా కథ నాకు లేకుండా పోయింది. ఆయన కోసం అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆ ఆదివారం ఆయన భార్యని చూడడానికి వెళ్ళాను. ఆవిడని అమ్మగారూ అంటాను. నేను అరుగు మీద కూర్చున్నాను, ఆవిడ గుమ్మం లోపల కూర్చున్నారు. కాసేపటికి నా గోడు చెప్పుకున్నాను.

"దానికేవుందండీ, నేను చెప్తాను, రాసుకోండి," అన్నారు ఆవిడ.

ఇంటికెళ్ళి కాగితాలు, కలం తెచ్చుకున్నాను. ఆవిడ మెల్లిగా, పప్పు ఏరుతున్నట్టు ఒక్కో మాటా చెప్పుకుంటూ వెళ్ళారు. 'పడవ పడవ' కూడా అన్నారు. రాసుకుంటూ పోతున్నాను. ఆఖరి పడవ దగ్గర నా కలం ఆగింది. "పిల్ల మెట్టు మీద కూర్చుని కేరేజీ విప్పి, సగం అన్నం తిని, సగం నాన్నకి ఉంచి మూత పెట్టింది," అన్నారు.

"అమ్మగారూ, ఇది కథలో లేదండీ. ఘనపాఠిగారు చేర్చేరా?"

"ఆయన ఒక్క మాట చేర్చే మనిషేనా అండీ? నేనే పెట్టేను. వంటింట్లోంచి పదేళ్ళ బట్టి వింటున్నానండి. పిల్ల పొద్దుటి నించీ నిలబడుంది. చేతిలో అన్నం ఉంది. అది తిందో లేదో మీరూ రాయలేదు, ఆయనా అడగలేదు. నాకు మనసొప్పలేదండి."

ఇంతకాలం తండ్రి ఎందుకు రాలేదో చెప్పడానికి నూట ఇరవై పేజీలు నింపాను. పెంచవలసింది ఆ ఒక్క వాక్యమే. "ఇక నవల రాయనండీ. మీ మాటతో కలిపి కథ ఇంతే. అచ్చు వేయించుకోమంటారా?" అన్నాను. "మీ ఇష్టవండి," అన్నారు.

కాగితాలు మడుస్తుంటే గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. అప్పుడు తట్టింది నాకు. ఆయన భోజనం అయితే గాని ఆవిడ తినేవారు కాదు. మేమిద్దరం ఆ పిల్ల గురించి గంటల తరబడి మాట్లాడుకున్న ఆదివారాలన్నీ ఆవిడ వంటింట్లో ఆకలితో కూర్చున్నారు.

"మీ భోజనం అయిందా అమ్మగారూ?" అని అడిగాను. ఇన్నేళ్ళలో మొదటిసారి.

"తింటానండి. ఇప్పుడింక ఎప్పుడు తిన్నా ఒకటేనండి," అని లేచి లోపలికి వెళ్ళారు.

నేను అరుగు మీదే ఉండిపోయాను. లోపల గిన్నె మూత తీసిన చప్పుడు వినబడుతుందేమోనని చాలాసేపు కూర్చున్నాను.