మైథిలమ్మ ఒప్పుకున్న ఒక్క టేకు

శాలిబండ సందులోని వెంకన్న గుడికి ముప్పై ఎనిమిదేళ్లుగా దండలు కట్టేది మైథిలమ్మే. భర్త లక్ష్మీకాంత్ అక్కడ పూజారి. తెల్లారేసరికి ఆమె గుడిమల్కాపూర్ మార్కెట్‌లో ఉంటుంది. పూలు కంటితోనే ఎంచుకుంటుంది. దేవుడి పూలు వాసన చూసే మనిషి కాదు. ఆవిడ నోరంటే మాత్రం బజారంతా హడలే.

అలాంటావిడ ముందు ఇటలీ నుంచి ఒక సినిమా డైరెక్టర్ ఊడిపడ్డాడు. పేరు ఆల్దో బెర్నేరి, వయసు డెబ్బై ఆరు. దండలు కట్టేవాళ్ల మీద సినిమా అట, నటులు వద్దట, మైథిలమ్మే కావాలట! నెల రోజులు ఆమె పక్కనే చాప మీద కూర్చున్నాడు. ఆయన దగ్గర పనికి కుదిరిన పక్కింటి సంకేత్ ఆ ఇంగ్లీషును ఆమెకు తెలుగులో చెప్పేవాడు. అలా ముడి మీద ముడి వేస్తూనే ఆమె ఆయన కథంతా వినేసింది. దర్జీ కొడుకు. పదిహేనేళ్లకే స్టూడియోలో వైర్లు మోశాడు. ఇరవై రెండు సినిమాలు తీశాడు, బోలెడు బహుమతులు కొట్టాడు. చివరి మూడూ బోల్తా పడ్డాయి. ఇక ఇదే ఆఖరిది.

"ఇది గూడ పోతే?"

"ఇంటికి పోయి టమాటలు పెంచుకుంటడంట పెద్దమ్మా," అన్నాడు సంకేత్.

పాపం, ఆమె ప్రాణం ఉసూరుమంది.

ఆఖరి షాటు రోజు రానే వచ్చింది. మైథిలమ్మ దండ అందించాలి, లక్ష్మీకాంత్ స్వామికి వేయాలి, ఆమె చేతులు జోడించి నిలబడాలి. అంతే. కానీ ఏ షాటైనా ముప్పైసార్లు తీయందే ఆల్దోకు నిద్ర పట్టదు. యాభై ఏళ్ల అలవాటు మరి.

"ముప్పైసార్లా? దేవునికేసిన దండ తీసి మల్ల ఏస్తరా ఎవరన్న?"

"ఉత్త యాక్టింగే గద పెద్దమ్మా!"

"యాక్టింగ్ నాకు. స్వామికి గాదు. ఒక్క దండ, ఒక్కసారి. గంతే!"

ఆ మాట విని ఆల్దో మెట్టు మీద కూలబడ్డాడు. ఒక్కసారితో సరిపెట్టుకునే ధైర్యం తనకు లేదన్నాడట. అది విని మైథిలమ్మ కోపం ఎటో పోయింది.

"నేను రోజూ ఒక్కసారే ఇస్త. ఎన్నడన్న చెడిందా? ఫికర్ జెయ్యకు పెద్దాయనా, మస్తొస్తది."

కెమెరా నడిచింది. దండ చేతులు మారి స్వామి మెడలో పడింది. హారతి అయింది. ఆల్దో కెమెరా పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఇంకొక్క క్షణం ఆగితే ముగిసేదే! సరిగ్గా అప్పుడు మైథిలమ్మ తల తిప్పి కెమెరా వైపే చూసింది. సంకేత్ తల పట్టుకున్నాడు. ఆమె దొప్ప నిండా పులిహోర పెట్టుకుని ఆల్దో దగ్గరికి చక్కా వచ్చేసింది. హారతయ్యాక గుళ్లో మనిషి ఉత్త చేతులతో నిలబడితే ఆవిడ ఊరుకుంటుందా?

"ఏంది గట్ల నిలబడ్డవ్? పొద్దటి సంది ఏం తినలే. పట్టు!"

'కట్' అనాల్సిన పెద్దమనిషి అనలేదు. తన కెమెరా ముందుకు తనే నడిచొచ్చి, రెండు చేతులా దొప్ప అందుకుని, తింటూ నవ్వాడు, నవ్వుతూ ఏడ్చాడు, ఏడుస్తూనే సంకేత్‌తో ఏదో అన్నాడు.

"ఏమంటుండు రా?" అంది మైథిలమ్మ కంగారుగా.

"ఇంకో టేకు వద్దంట పెద్దమ్మా. ఇట్లనే ఉంచుతడంట."

"అది గాదు, ఇంకింత పెట్టాల్నా అడుగు!"