తొంభై తొమ్మిది గొర్రెల సంగతి

నా చిన్నప్పుడు మా ఇంటి అరుగు మీద ప్రతి ఆదివారం మధ్యాహ్నం దేవుడి మీద వాదన జరిగేది. ఎడపల్లిలో మాది చివరి వాడ. ఇంటి వెనక నుంచే చెరుకు తోటలు మొదలయ్యేవి. మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఏ దేవుడికీ దండం పెట్టేవాడు కాదు. మా అమ్మ శనివారాలు ఒక్కపొద్దు ఉండి, ఆయన వంతు దండం కూడా తనే పెట్టేది. వాదనలో బాపుకు ఎదురుగా కూర్చునేది పక్కింటి అవ్వ.

అవ్వ మాకు చుట్టం కాదు. ఆమెది మా ఊరు కూడా కాదు. వయసులో ఉన్నప్పుడు పెద్దరోగం, అంటే కుష్టు, వస్తే పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ వద్దనుకున్నారట. ఒక మిషన్ ఆసుపత్రి వాళ్లు తీసుకుపోయి నయం చేశారు. రోగం పోయింది కానీ రెండు చేతుల వేళ్లూ సగానికి అరిగిపోయాయి. ఆ చేతులతో బీడీలు చుట్టడం కుదరదు కాబట్టి, బీడీలు చుట్టే ఆడవాళ్ల పసిపిల్లలను చూసుకుంటూ బతికేది. ఆసుపత్రిలోనే ఆమె ఏసును నమ్ముకుంది. అక్కడివాళ్లు ఇచ్చిన బైబిలును పాత చీర ముక్కలో చుట్టి దాచుకునేది. చదవడం మాత్రం రాదు.

వాడలో చాలామంది ఇంకా ఆమె ఇంట్లో నీళ్లు తాగేవాళ్లు కాదు. మా బాపు ఆమెను చాప మీద కూర్చోబెట్టి, అమ్మ చేత చాయ్ పోయించి, ఆ తర్వాత పంతంగా వాదించేవాడు. ఆయన ఇచ్చే మర్యాద అది. ఎవరు మాట్లాడినా తల ఊపుతూ వినడానికి మా వాడలోని గొర్రెల తాత వచ్చేవాడు.

మొదట్లో బాపే చదివి వినిపించేవాడు. కొన్నాళ్లకు అవ్వ వద్దంది.

“నువ్వు సదువకు కొడుకా. నీ గొంతులనే ఎక్కిరింపు ఉంటది. పొల్ల సదువుతది. పొల్ల నీ దిక్కు కాదు, నా దిక్కు కాదు.”

ఆ పొల్లను నేనే. అప్పుడు ఐదో తరగతి. పెద్దవాళ్ల మధ్య కూర్చుని, వేలు పెట్టి, పంతులు లాగా గట్టిగా చదివేదాన్ని. కానీ అవ్వ అనుకున్నట్టు నేను మధ్యలో లేను. నేను పూర్తిగా మా బాపు దిక్కే. ఆయన ప్రశ్నకు అవ్వ దగ్గర జవాబు లేకపోతే లోపల్లోపల గంతులు వేసేదాన్ని. ఒక ఆదివారం బాపు, దేవుడే ఉంటే నీకు ఆ రోగం ఎందుకు ఇచ్చిండు అని అడిగాడు. అవ్వ తొందరపడలేదు. “రోగం ఎవలిచ్చిండ్రో నాకు తెల్వది కొడుకా. నా పుండ్లు కడిగిన చేతులు మాత్రం ఎరుకే” అంది. బాపు ఆ పూటకు వాదన అక్కడితో ఆపేశాడు. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

తర్వాతి ఆదివారం తప్పిపోయిన గొర్రె కథ వచ్చింది. నూరు గొర్రెలున్న మనిషి, ఒకటి తప్పిపోతే, మిగిలిన తొంభై తొమ్మిదిని అడవిలో విడిచి దానికోసం వెతుకుతూ పోతాడు. దొరికాక సంతోషంతో భుజాల మీద వేసుకుంటాడు. అంతవరకు చదివానో లేదో, బాపు తాత వైపు తిరిగాడు.

“తాతా, నువ్వైతే పోతవా?”

“మందను ఇడిసిపెట్టి ఎట్ల పోత? తోడేలు ఊకుంటదా?”

“ఇగ చెప్పు అవ్వా. గా తొంభై తొమ్మిది సంగతేంది?”

అవ్వ నా వైపు చూసింది. “నాకు భుజాల మీద ఎత్తుకున్న దాకనే చెప్పిండ్రు. ముందటికి సదువు బిడ్డా. అండ్లనే ఉంటది.”

నేను పుటలోకి చూశాను. అతను ఇంటికి వచ్చి, ఇరుగుపొరుగును పిలిచి, నాతో కలిసి సంతోషించండి అన్నట్టు ఉంది. ఆ తొంభై తొమ్మిది గొర్రెలు ఏమయ్యాయో మాత్రం లేదు. బాపు ముందుకు వంగి నా మొహంలోకి చూస్తున్నాడు. ఆ వరుస కిందే వేలు పెట్టి, అదే గొంతుతో చదివాను. అతను తిరిగివచ్చి చూసేసరికి తోడేళ్లు తొంభై తొమ్మిదినీ చంపేశాయని, అతను గుండెలు బాదుకుని ఏడ్చాడని.

బాపు తొడ చరిచాడు. “సూసినవా అవ్వా! మీ పుస్తకమే చెప్పవట్టె!” “మందను ఇడిస్తే గంతే మరి” అన్నాడు తాత. బాపు నా తల నిమిరాడు. నాకు ఎంత గర్వమో.

అవ్వ తన చేతుల వైపు చూసుకుంది. “ఇన్నేండ్లు గా ఒక్క గొర్రె నేనే అనుకున్న” అంది. “నన్ను ఎత్తుకచ్చేటందుకు అన్ని పానాలు పోయినయా?”

చాయ్ తాగకుండానే లేచి వెళ్లిపోయింది. బైబిలు చాప మీదే మరిచిపోయింది. నా గర్వం అక్కడికక్కడే చల్లబడింది. అయినా నిజం చెప్పలేదు.

మూడు రోజులు ఆమె గడప దాటలేదు. పిల్లలను తెచ్చిన ఆడవాళ్లకు పానం బాగలేదని చెప్పి పంపేసింది. బాపుకు కూడా మనసు కుదురుగా లేదు. బుధవారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, ఆమెను ఓదార్చే మాట ఏదైనా దొరుకుతుందేమోనని ఆ పుస్తకం తెరిచాడు. నిలబడే చదివాడు. వెనక్కి పోయి మళ్లీ చదివాడు. నన్ను పిలిచాడు.

“తోడేళ్లు యాడున్నయి బిడ్డా? సూపియ్యి.”

వేలు ఒక చోట పెట్టాను. తీసి ఇంకో చోట పెట్టాను. పుట తిప్పాను. ఆయన నా వేలునే చూస్తూ నిలబడ్డాడు. “నువ్వు గెలవాలని…” అన్నాను, ఏడుస్తూ.

“నేను గెల్వలే. నువ్వు నన్ను దొంగను చేసినవ్.”

కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండు అనిపించింది. ఆయన పుస్తకాన్ని ఆ చీర ముక్కలో చుట్టి, నా చెయ్యి పట్టుకుని అవ్వ ఇంటికి నడిచాడు. గడప దగ్గరే అన్నాడు: “అవ్వా, మొన్న నేను గెలిచింది అబద్ధం. పుస్తకంల తోడేళ్లు లేవు.” నా పేరు ఎత్తలేదు. కానీ చదివింది నేనొక్కదాన్నే కదా. అవ్వ నన్ను చూసింది. ఎందుకు అని అడగలేదు.

“మల్ల సదువు బిడ్డా.”

చదివాను. ఇరుగుపొరుగును పిలిచిన దగ్గరికి వచ్చేసరికి అవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కళ్లు తుడుచుకుని బాపుతో అంది: “మరి నువ్వడిగింది అడిగినట్టే ఉన్నది కొడుకా. గా తొంభై తొమ్మిది సంగతి నాకు తెల్వది.”

“నాకూ తెల్వది. ఐతారం రా అవ్వా, మాట్లాడుకుందాం” అన్నాడు బాపు.

ఆదివారం వచ్చింది. అవ్వ బైబిలుతో పాటు ఒక పలక కూడా తెచ్చుకుంది. తనకు అక్షరాలు నేర్పమంది. “నువ్వు రేపు పెద్దబడికి పోతవ్. మల్ల నాకు ఎవలు సదువుతరు?” అంది. అది నిజమే కావచ్చు. కానీ సగం వేళ్ల మధ్య బలపం జారిపోతుంటే, ఆ వయసులో ఆమె అ, ఆలు దిద్దుతుంటే, దానికి కారణం నేనే అనిపించేది. నేను బోధన్‌లో పెద్దబడికి వెళ్లేనాటికి కూడబలుక్కుని చదవగలిగింది. హాస్టల్ నుంచి సెలవులకు వస్తే నన్నే చదవమనేది. నేను చదువుతుంటే అరిగిన వేలు నా వరుస వెంట నెమ్మదిగా కదిలేది. నేర్చుకోవడానికో, సరిచూసుకోవడానికో నేను ఏనాడూ అడగలేదు. తప్పైంది అవ్వా అన్న ఒక్క మాట కూడా అనలేదు. నేను నిజామాబాద్‌లో చదువుతుండగా ఆమె పోయింది.

బాపు చివరిదాకా ఏ దేవుడికీ మొక్కలేదు. నేను ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేదు. టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. వాడలో చదువురానివాళ్లు కాగితాలు తెస్తే చదివి చెబుతుంటాను. మొన్న ఒకామె ఆసుపత్రి కాగితం తెచ్చింది. ఉన్నది ఉన్నట్టు చదివాను, బాగా లేని మాటతో సహా. తర్వాత, ఎప్పుడూ చెప్పినట్టే, ఇంకొకరితో కూడా చదివించుకో అన్నాను.

“నువ్వు సదివినంక ఇంకెవలెందుకు టీచరమ్మా? నువ్వు అబద్ధం చెప్తవా?” అంది ఆమె.

కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాను. ఆమె వెళ్లిపోయేదాకా తల ఎత్తలేకపోయాను.