దుప్పటి వెనక్కి ఇచ్చిన విశ్వపతి

శ్రీరస్తు. సత్యానికి సాక్షిణి అయిన వాగ్దేవికి ముందుగా అంజలి. ఈ పూట ఆ తల్లి నా కలానికి మాధుర్యం అనుగ్రహించకపోయినా సరే, తడబాటు మాత్రం ఇవ్వకుండుగాక.

క్రోధన నామ సంవత్సరం, ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి, శుక్రవారం ప్రాతఃకాలాన నా చెల్లెలు అన్నపూర్ణ ఫోన్ చేసి, "అన్నయ్యా, ఆయన లేవడం లేదు" అన్నది. అంతే. అమెరికాలోని ఈ క్యారీ ఊళ్ళో మా ఇంటికీ వారి ఇంటికీ నడుమ ఉన్నవి రెండు వీధులే. నేను చేరేసరికి విశ్వపతి నిద్రిస్తున్నట్టే ఉన్నాడు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. నాకంటె చాలా చిన్నవాడు. నా సంస్మరణ వ్యాసం అతడు వ్రాయవలసిన క్రమాన్ని విధి తలక్రిందులు చేసింది.

వృత్తిరీత్యా అతడు వస్త్రాలకు వేసే రంగుల రసాయన శాస్త్రవేత్త. ఏ గుడ్డ ముక్కనైనా వేళ్ళ మధ్య నలిపి, అది ఎన్ని ఎండలకు వెలిసేదీ చెప్పగలిగేవాడు. ప్రవృత్తిరీత్యా పాదచారి. నాలుగు అడుగుల దూరానికి కారు తీసే ఈ ఊళ్ళో, సాయంకాలం వీపున సంచీ తగిలించుకుని వీధులన్నీ చుట్టేవాడు. అరణ్యయాత్రకు అభ్యాసమని ఆ సంచీలో బియ్యపు బస్తా వేసుకునేవాడు. ఒకనాడు పొరుగింటి అమెరికన్ వృద్ధురాలు కారు ఆపి, "అయ్యో నాయనా, మీ ఆవిడ ఇంట్లోంచి గెంటేసిందా?" అని కంగారుపడిందట. "లేదమ్మా, బియ్యానికి ఊరు చూపిస్తున్నాను" అన్నాడట ఈ మహానుభావుడు.

సిద్ధార్థి సంవత్సరంలో, క్రిస్మస్ సెలవులకు, ముగ్గురు సహయాత్రికులతో గ్వాటెమాలా దేశపు ఉత్తరాన ఉన్న పెతేన్ అరణ్యానికి బయలుదేరాడు. ఇద్దరు అతని ఆఫీసువారైన అమెరికన్లు. మూడవవాడు మన తెలుగు వైద్యుడు. ఆ వైద్యుని పేరు ఇక్కడ వ్రాయను. వ్రాస్తే విశ్వపతి పేరు పక్కన అది కూడా బ్రతుకుతుంది. ప్రయాణపు ముందునాడు, "ఏమేమి మోసుకు వెళుతున్నావయ్యా?" అని అడిగాను. "అడవిలోకి మోయవలసినవి రెండే బావగారూ, మంచినీళ్ళూ, మాటా. మొదటిది తరిగినా ఫర్వాలేదు" అన్నాడు.

ఆ అడవిని గురించి అతడు చెప్పగా వినడం ఒక భాగ్యం. "బావగారూ, ఎటు చూసినా సపోటా చెట్లే! శిథిలమైన కోటల నెత్తిన మొలిచి ఉన్నాయి. వాటి బెరడుకు గాట్లు పెట్టి, కారిన పాలను కాచి, పిల్లలు నమిలే గమ్ చేస్తారట. తెల్లవారితే కోతులు సింహాల్లా గర్జిస్తాయి. మొదటి రోజు డాక్టరుగారు చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తారు." ఆ మాటకు మేమందరం పగలబడి నవ్వాము. ఆ పరుగు ఆ వైద్యునికి అలవాటని మిగతా కథ విన్నాక గాని మాకు తెలియలేదు.

అమెరికన్లు ఇద్దరూ ఒకరోజు ముందుగా తర్వాతి మజిలీకి వెళ్ళారు. వెనుక మిగిలినవారు విశ్వపతి, వైద్యుడు. నాచు పట్టిన రాతిమెట్ల మీద విశ్వపతి జారిపడ్డాడు. ఎడమకాలి మడమ ఎముక విరిగింది. వైద్యుడు అతణ్ణి సపోటా జిగురు తీసేవారు విడిచిపోయిన పాకలోకి చేర్చి, తన దుప్పటి కప్పి, ఒక నీళ్ళ సీసా పక్కన పెట్టాడు. అంతవరకు ధర్మమే. తరువాత అన్న మాటలు విశ్వపతి నాకు చెప్పినవి చెప్పినట్టే వ్రాస్తున్నాను: "డోంట్ వర్రీ విశ్వపతీ, ఎల్లుండికల్లా గాడిదనీ మనుషుల్నీ పంపిస్తాను. నేనే వెనక్కొచ్చి దుప్పటి తీసుకుంటాగా! సోమవారం క్లినిక్ ఉంది, ఫ్లైట్ మిస్ చేయలేను."

విమానం తప్పలేదు. మాట తప్పింది. మనుషులను పంపే ఏర్పాటు అయిపోయిందని అమెరికన్లకు చెప్పి, వారిని కూడా తీసుకుని ఆ వైద్యశిఖామణి ఇల్లు చేరాడు. నీళ్ళు నిండుకుని, జ్వరం తలకెక్కి, ఆ పాకలో నా చెల్లెలి సౌభాగ్యం ఊగిసలాడింది. జిగురు తీసేవారు తమ పనికి తాము అటు రాకపోతే ఈ వ్యాసం ఆనాడే వ్రాయవలసివచ్చేది. వారిలో ఒక ఇల్లాలు మొక్కజొన్న గంజి పట్టింది. అదే దుప్పటిలో చుట్టి, కంచరగాడిద మీద వేసి, సరస్సు ఒడ్డున ఉన్న పట్టణానికి చేర్చారు. ప్రాణం నిలిచింది. ఎడమపాదం మరెన్నడూ నేలను సమంగా తాకలేదు.

అతడు కర్రసాయంతో తిరిగి వచ్చేసరికి ఊళ్ళోని తెలుగువారందరిలో వేరొక కథ పాకి ఉంది. వైద్యుడు స్నేహితుణ్ణి భుజాన మోసి, మృత్యుముఖం నుంచి తప్పించి, ఆసుపత్రిలో చేర్చి వచ్చాడట! తెలుగువారి సభలో తెర కట్టి, అడవి బొమ్మలు వేసి, ఆ కథను పిల్లాపాపలకు చెప్పాడు. విశ్వపతి చివరి వరుసలో కూర్చుని విన్నాడు. ఇంటికి వచ్చాక అన్నపూర్ణ, "నోరు లేదా మీకు? లేచి అబద్ధమని అనరేం?" అని ఏడ్చింది. అతడు నవ్వి, "పగ పాలు కాదు పూర్ణా, పెరుగు. తోడు వేసి కదపకుండా ఉంచాలి" అన్నాడు. ఆమె బురదతో, నెత్తుటితో, గాడిద చెమటతో కంపుకొడుతున్న ఆ దుప్పటిని ఉతకబోతే చేయి పట్టి ఆపాడు. "వద్దు. ఈ రంగు వెలవకూడదు."

మూడేళ్ళు కదపలేదు. దుందుభి సంవత్సరపు దీపావళి సభలో వైద్యునికి సన్మానం తలపెట్టారు. ప్రాణం దక్కినవాని చేతనే శాలువా కప్పించాలని నిర్వాహకులకు ముచ్చట పుట్టింది. విశ్వపతి వెంటనే ఒప్పుకున్నాడు. కుంటుతూ వేదిక ఎక్కాడు. పళ్ళెంలోని పట్టుశాలువాను పక్కకు జరిపి, సంచీలో నుంచి ఆ దుప్పటి తీసి, విప్పి, వైద్యుని సూటు భుజాల నిండుగా కప్పాడు.

"మీ దుప్పటేనండీ డాక్టరుగారూ. తీసుకోవడానికి వస్తానన్నారు, రాలేదు. దారి తప్పారేమోనని నేనే తెచ్చాను."

మొదటి వరుసవారు ముక్కులు మూసుకున్నారు. వైద్యుని ముఖాన క్షణకాలం రక్తం లేదు. అంతలో తేరుకుని మైకు అందుకుని, "చూశారా, మావాడి సెన్స్ ఆఫ్ హ్యూమర్!" అన్నాడు. సభ గొల్లున నవ్వింది. సత్యం హాస్యమై తేలిపోయింది. వైద్యుడు దుప్పటిని కుర్చీ మీద విడిచి, పట్టుశాలువా తానే కప్పుకుని దిగాడు. విశ్వపతి దుప్పటిని మళ్ళీ మడతపెట్టి కారెక్కాడు. ఇంటి దారిలో, "సగమే తోడుకుంది బావగారూ" అన్నాడు. దుప్పటి అతని ఒడిలో ఉంది.

ఇప్పుడు ఆ సగం నా వంతుకు వచ్చింది. అపరకర్మలు ముగిశాయో లేదో వైద్యుడు నా చెల్లెలికి ఫోన్ చేశాడు. "సంతాపసభలో ఫస్ట్ స్పీచ్ నాదేనమ్మా. వాణ్ణి భుజాన మోసినవాణ్ణి కదా" అన్నాడట. నిర్వాహకులు సరేనన్నారు, ముందు వరుసలో కుర్చీ కూడా కేటాయించారు. ఎదురు చెప్పగలిగిన ఒక్క నోరు మూతపడింది గనుక ఇక ఆ కథే చరిత్ర అవుతుందని అతని ధైర్యం. నేను కోపం పట్టలేక, "వాణ్ణి గుమ్మంలోనే ఆపిస్తాను" అన్నాను. అన్నపూర్ణ కన్నీరు తుడుచుకుని, "ఎందుకన్నయ్యా? రానీ. కుర్చీ నేను సర్దుతాలే" అన్నది.

మృతులను గురించి మంచే పలకాలని పెద్దలు శాసించారు. బ్రతికి ఉన్నవారిని గురించి అలా శాసించలేదు. జీవితకాలమంతా తరగతి గదులలో క్షమాగుణాన్ని శ్లాఘించినవాణ్ణి. క్షమ భూదేవికి తగిన భూషణం. కుంటి పాదంతో ఆ భూమి మీద నడిచినవాని బంధువుకు అది అతకదు. ఈ వ్యాసం ప్రతులను సభాద్వారం వద్ద నేనే నిలబడి పంచుతాను. చదివినవారు విశ్వపతిని ఎవరు మోశారో తెలుసుకుంటారు: పేర్లు తెలియని జిగురువాళ్ళు, ఒక కంచరగాడిద.

విశ్వపతీ! నీ వంటి నడకగాడు మా వీధులకు మళ్ళీ రాడు. సాయంకాలాలు కిటికీ దగ్గర నిలబడితే, ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలికగా పడే ఆ చప్పుడు వినిపించదు. మంచినీళ్ళు తరిగినా మాట తరగనివ్వని మనిషివి. ఈ వృద్ధుని అశ్రుతర్పణం గ్రహించు. నా కోపాన్ని కూడా అందులో కలిపే విడుస్తున్నాను.

*

కార్తీక శుద్ధ పంచమి, ఆదివారం సభ జరిగింది. వైద్యుడు వచ్చాడు. ముందు వరుసలో అతని కుర్చీ మీద ఆ దుప్పటి మడతపెట్టి ఉంది. అందరి చేతుల్లో ఈ వ్యాసం ఉంది. అతడు దుప్పటిని తీయలేదు, దాని మీద కూర్చోలేదు. ఉపన్యాసానికి పిలిచినప్పుడు తల అడ్డంగా ఊపాడు. సభ ముగిసేవరకు నిలబడే ఉన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.