నెత్తిన బరువుంటేనే నడిచే ఈదమ్మ

మా వీధిలోకి ఆకుకూరల గంప తెచ్చే ఈదమ్మ నడక చూసి నేను చాలాసార్లు అసూయపడ్డాను. నెత్తిన చుట్టబట్ట, దాని మీద గంప, నోటి నిండా కబుర్లు. మెడ అటూ ఇటూ కదలదు గానీ ఏ గుమ్మంలో ఎవరు నిలబడ్డారో ఆవిడ కళ్ళు వదలవు. మేము తణుకు నుంచి వచ్చి మేడ్చల్ దగ్గర ఈ కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాక నాకు దొరికిన మొదటి స్నేహితురాలు ఆవిడే. తోటకూర కట్టతో మొదలుపెట్టి శామీర్‌పేట దాకా ఉన్న ఊళ్ళ సంగతులన్నీ చెప్పి, కొసరుగా కాస్త కొత్తిమీర పడేసి వెళ్ళేది.

వేసవి మొదట్లో ఒకరోజు మా గేటు ముందు ఆగిపోయింది. ఒళ్ళంతా చెమట, మొహం బూడిద రంగు.

"శేషారత్నమ్మా, జర గంప దించు. గ్యాస్ పట్టినట్టున్నది. సోడా తాగితే పోతది," అంది.

అంతకు ముందు చలికాలంలో మా ఆయన గోపాలరావుగారు కూడా ఇదే మాట అని, సోడా తాగి, ఆసుపత్రిలో తేలారు. అందుకని నేను సోడా జోలికి పోలేదు. ఆవిడ కొడుకు, షేర్ ఆటో నడిపే జైపాల్‌కు ఫోన్ చేశాను. పాపం, ఎక్కినవాళ్ళందరినీ దారిలో దించేసి వచ్చాడు. గుండెపోటే. ఆ పూటే స్టెంటు వేశారు. మంచం మీదకు తెచ్చాక ఈదమ్మ నన్ను అడిగిన మొదటి మాట, "గంపల పాలకూర వాడిపాయెనా?" అని.

ఇంటికి వెళ్ళాక అసలు కష్టం మొదలైంది. ఆవిడ కోడలు సరళ మంచి పిల్ల. చిక్కంతా అక్కడే వచ్చింది. అత్తను చెంబు ఎత్తనివ్వదు, చీపురు ముట్టనివ్వదు. నేను చూడ్డానికి వెళ్తే ఈదమ్మ గోడ పట్టుకుని, అద్దాల మీద నడుస్తున్నట్టు వచ్చింది.

"శ్రావణంల పోచమ్మ బోనం ఈసారి సరళ ఎత్తుతదట, నన్ను ఇంట్ల కూసోమంటున్నరు," అంది గొంతు తగ్గించి. "మా అత్త గట్లనే ఒక ఏడు బోనం నాకిచ్చి ఇంట్ల కూసున్నది. ఇగ మంచంల నుంచి లేవనే లేదు. నేను ఎత్తకుంటే సచ్చినట్టే లెక్క, అమ్మా."

ఆ మాటతో నేను ఆవిడను బలవంతాన ఆసుపత్రి వ్యాయామం క్లాసులో చేర్పించాను. గుండెపోటు వచ్చినవాళ్ళకు మళ్ళీ నడక, ధైర్యం నేర్పే క్లాసు అది. మా ఆయన అప్పటికే అందులో విద్యార్థి. విద్యార్థి అని మర్యాదకు అంటున్నాను. ఆయన చేసేదల్లా ట్రెడ్‌మిల్ పక్కన నిలబడి దానికి వంకలు పెట్టడం. ఆడలేక మద్దెల ఓడు. ఇంట్లో అయితే మేడ మీద పడకగది వదిలేసి హాల్లో మంచం వేయించుకున్నారు. మెట్లెక్కితే గుండె ఆగుతుందని ఆయనకు ఏ డాక్టరూ చెప్పలేదు, స్వయంగా కనిపెట్టారు.

క్లాసు నడిపే అంకిత సూరారం పిల్ల. మొదటిరోజు ఈదమ్మ చీర మీదకు జైపాల్ కొనిచ్చిన బూట్లు వేసుకుని వచ్చింది. ట్రెడ్‌మిల్ దగ్గరకు రాగానే బూట్లు విప్పి పక్కన పెట్టి, మిషన్ను తాకి కళ్ళకద్దుకుంది.

"అమ్మా, బూట్లు ఏసుకొనే ఎక్కాలె," అంది అంకిత.

"కాళ్ళ కింద పెట్టుకునుడే తప్పు, మళ్ళ చెప్పులతోని తొక్కాల్నా?" అంది ఈదమ్మ. ఇంకోసారి దండం పెట్టాక గానీ బూట్లు వేసుకోలేదు.

పట్టా కదలగానే ఆవిడ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని వేలాడింది. ఒక అడుగు తూర్పుకు, ఒక అడుగు పడమరకు. అంకిత ఎంత నెమ్మదిగా తిప్పినా అంతే. చివరికి దిగిపోయి కుర్చీలో కూలబడి కొంగు మొహాన కప్పుకుని ఏడ్చింది. "నాతోని కాదు బిడ్డా. నడుసుడు సుత మర్చిపోయిన." మా ఆయనకు కూడా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఏసీ గాలి అన్నారు.

క్లాసు అయ్యాక అందరం బయల్దేరుతుంటే మా ఆయన సంచి నేల మీద ఉంది. ఆయన ఎక్కడికి వెళ్ళినా రెండు నీళ్ళ సీసాలు, బీపీ మిషను, స్వెట్టరు మోసుకెళ్తారు. ఈదమ్మ అలవాటు చొప్పున తువ్వాలును చుట్టబట్ట చేసి, ఆ సంచి నెత్తిన పెట్టుకుని తలుపు వైపు నడిచింది. నడిచిందంటే అలా ఇలా కాదు. వెన్ను నిటారు, చేతుల్లో ఊపు, అడుగులో తొట్రుపాటు లేదు. మా వీధిలో నడిచే ఈదమ్మే.

అంకిత నోరు తెరుచుకుని చూసింది. "అమ్మా, ఆగు. గట్లనే వచ్చి పట్టా ఎక్కు."

"సంచితోనా?"

"సంచితోనే."

అంకిత సీసాలు, మిషను తీసేసి స్వెట్టరు ఒక్కటి ఉంచి, ఆవిడ వెనకే నిలబడింది. ఈదమ్మ ఎక్కింది, కమ్మీ వదిలేసింది, కొంపల్లి కూరగాయల ధరలు చెప్పుకుంటూ నడిచింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నెత్తిన ఏదో ఒకటి మోసిన మనిషి ఆవిడ. బరువు దించేసి నడవమంటే కాళ్ళకు దారి తెలియలేదు.

ఇక ఆ క్లాసు క్లాసులా లేదు. అంకిత డాక్టరును అడిగి, తేలిక బరువైతే ఫరవాలేదని ఒప్పించి, అందరి నెత్తినా దిండ్లు పెట్టింది. రిటైరైన తాసిల్దారు, చిట్టీల వ్యాపారి, మా ఆయన, వరసగా దిండ్లు మోస్తూ గది చుట్టూ తిరిగారు. దిండు పడకుండా చూసుకునే హడావిడిలో ఎవరికీ గుండె మాట గుర్తుకు రాలేదు. డాక్టరు ఒకసారి తలుపు తీసి చూసి, మళ్ళీ వేసుకుని వెళ్ళిపోయాడు. నేను నవ్వు ఆపుకోలేక మెట్ల మీదకు పోయి కూర్చున్నాను.

అంకిత చెప్పే సూత్రం ఒకటే. "మాట్లాడుకుంట నడవాలె. మాట రాకుంటే అడుగు తగ్గించాలె, ఆగి పెదాలు సున్నా సుట్టి ఊదాలె." మాట్లాడమని వైద్యులే చెప్పడం ఈదమ్మకు వరంలా దొరికింది. ఎండలు పోయి వానలు పడేసరికి ఆవిడ నడక గట్టిపడింది. డాక్టరు పరీక్షలు చేసి, చిన్న కుండైతే బోనం ఎత్తవచ్చన్నాడు.

"ఆయాసమొస్తే మాత్రం ఆగాలె," అంది అంకిత.

జైపాల్ తల గోక్కున్నాడు. "ఎత్తిన బోనం నడిమిట్ల దించొద్దు కదా మేడం. అమ్మోరి ముంగటనే దించాలె."

"నేను ఆగాలె అన్న. దించాలె అనలే," అంది అంకిత.

పండగనాడు మమ్మల్నీ పిలిచారు. పోచమ్మ గుడి చిన్న గుట్ట మీద ఉంది. ఈదమ్మ పసుపు రాసిన చిన్న కుండలో బోనం వండి, పైన దీపం వెలిగించుకుని, చీర కింద బూట్లతో బయల్దేరింది. డప్పులు దంచుతున్నాయి. ఆవిడ మాటలు డప్పులను మించి వినిపిస్తున్నాయి. వాటిని వింటూ మేమంతా ధీమాగా నడిచాం.

గుట్ట సగంలో ఆ మాటలు ఆగిపోయాయి.

ఈదమ్మ నిలబడిపోయింది. రెండు చేతులూ కుండ మీద, మొహాన చెమట. సరళ పరుగున వచ్చి చేతులు చాచింది. "అత్తమ్మా, ఇటియ్యి. నీ కాళ్ళు మొక్కుత." ఈదమ్మ ఇవ్వలేదు. పెదాలు సున్నా చుట్టి ఊదుతోంది. ఇచ్చేస్తే ఆవిడ మళ్ళీ గోడ పట్టుకుంటుందని నాకు తెలుసు. ఇవ్వకపోతే ఏమవుతుందో తెలియదు. పోచమ్మ తల్లీ అని నేనూ దండం పెట్టాను.

అప్పుడు మా ఆయన ముందుకు వచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టారు. "ఎవరూ తొందరపెట్టకండి. ఆవిడ ఆగింది, అంతే. ఆగమనే కదా చెప్పారు."

బోనాల వరస మొత్తం ఆగింది. డప్పులవాళ్ళు నిలబడే కొట్టారు. "మంచిగ ఆపినవ్ ఈదీ, నా మోకాళ్ళు సుత గుంజుతున్నయ్," అంది వెనక నుంచి దుర్గమ్మ అనే ముసలావిడ. ఈదమ్మ ఊదుతూనే ఉంది. ఊపిరి నెమ్మదించింది. మొహంలోకి రంగు వచ్చింది.

"డప్పులోళ్ళను జర మెల్లగ కొట్టుమను," అంది చివరికి. "అమ్మోరికి లేని జల్దీ వీళ్ళకెందుకు?"

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. డప్పు నెమ్మదించింది, అడుగు కదిలింది, మాటలు మొదలయ్యాయి. బోనం అమ్మవారి ముందే దిగింది.

తిరిగి వచ్చేటప్పుడు కుండ సరళ తీసుకుంది. ఈదమ్మ గుట్ట అంచున నిలబడిపోయింది. నెత్తి ఖాళీ. నేను గబగబా నా చేతిసంచి అందించబోయాను.

"వద్దమ్మా," అంది. ఒక అడుగు వేసి చూసుకుంది. ఇంకొకటి వేసింది. తరువాత చేతులు ఊపుకుంటూ, నిటారుగా, గుట్ట దిగింది. కింద నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మా అత్త కూసున్న కాడనే కూసున్నది. నేను ఎక్కిన, దిగిన," అని చిన్నపిల్లలా నవ్వింది. డప్పు ముందు కాస్త ఆడింది కూడా, మాట్లాడుతూనే.

మర్నాడు పొద్దున "తోటకూర, పాలకూర" అని కేక వినిపించి గేటు దగ్గరకు వెళ్ళాను. ఈదమ్మ ఉత్త నెత్తితో వీధి మధ్యలో నడిచి వస్తోంది. వెనకే జైపాల్ ఆటో, అందులో గంప.

"ఈదమ్మా, పాలకూర రెండు కట్టలు," అన్న గొంతు నా తల మీద నుంచి వినిపించింది. తలెత్తి చూస్తే మా ఆయన మేడ మీద బాల్కనీలో, లుంగీతో, చంకలో దిండుతో నిలబడి ఉన్నారు. నిన్న గుట్ట ఎక్కిన సంగతి రాత్రెప్పుడో గుర్తొచ్చినట్టుంది.

ఈదమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసింది. "ఇస్త గని సారూ, మాట్లాడుకుంట దిగు."