బీరువా తలుపు అయస్కాంతం

హెడ్లీ బారక్లఫ్‌కి పెళ్లి కాలేదు. కావాలని పెద్దగా అనుకోలేదు కూడా. హాలిఫాక్స్ ఊళ్లో ఇనుప సామాన్ల కొట్టులో, మేకులూ మడతబందులూ అమ్ముతూ తల నెరిపించుకున్నాడు. ఇంటికి వెళ్తే పిల్లి. మంగళవారం వస్తే విల్ఫ్ ఓల్డ్‌రాయిడ్.

విల్ఫ్, హెడ్లీ ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు. విల్ఫ్‌కి పెళ్లయింది, పిల్లలు పుట్టారు, పెళ్లాం పోయింది. ఇన్ని జరిగినా మంగళవారం మాత్రం తప్పలేదు. చర్చి వెనక హాల్లో రైలు బొమ్మల సంఘం కూడుతుంది. అక్కడ పెద్ద బల్ల మీద వీళ్లిద్దరూ కట్టిన ఊరు ఉంది. పట్టాల మధ్య దూరం చిటికెనవేలి గోరంత. విల్ఫ్ రైళ్లు నడుపుతాడు. గూడ్స్ యార్డు హెడ్లీది. పని అయ్యాక ఇద్దరూ వెళ్లి చేపల వేపుడు, బంగాళాదుంప ముక్కలు తింటారు. నూనెలో తేలిన కరకర పిండి పలుకుల్ని విల్ఫ్ ఏరి హెడ్లీ కాగితంలో వేస్తాడు. తన పళ్లకి అవి పడవట.

ఆ ఏడు వసంతంలో ఎనిడ్ సగ్డెన్ వచ్చింది. మొగుడు పోతూ వదిలిన బుల్లి వ్యాగన్లను సంఘానికి ఇచ్చి పోదామని పెట్టెతో వచ్చిన మనిషి, టీ తాగి, కోటు విప్పి, కూర్చుండిపోయింది. ఉన్ని మిల్లులో బట్టలో ముళ్లు విప్పి, తెగిన పోగులు కలిపిన చేతులు ఆమెవి. వ్యాగన్ల కొక్కేల కింద వేలాడే వెంట్రుకంత తీగల్ని చిమటాతో వంచుతుంటే విల్ఫ్ నోరు తెరుచుకుని చూశాడు.

"చూశావట్రా హెడ్లీ, ఆ చెయ్యి! నువ్వు వంచితే మేకు వంచినట్టుంటుంది."

"మేకులు నాకు అన్నం పెట్టాయిలే," అన్నాడు హెడ్లీ. నవ్వాననే అనుకున్నాడు గాని పెదవి కదల్లేదు.

శరదృతువులో ప్రదర్శన ఉంది. ఈసారి వ్యాగన్లను చేత్తో ముట్టకుండా విడదీయాలని విల్ఫ్ పట్టుదల. పట్టాల కింద అయస్కాంతం దాస్తే, అది కొక్కెం తీగను కిందికి లాగుతుంది. ఇంజిన్ ఒక్క క్షణం ఆగి కొంచెం వెనక్కి నెడితే కొక్కెం వీడిపోతుంది. చెప్పడానికి ఇంతే. ఏ అయస్కాంతం పెట్టాలన్న దగ్గరే వచ్చింది తంటా. యార్డు తనది కాబట్టి అయస్కాంతమూ తనే తేవాలనుకున్నాడు హెడ్లీ. విల్ఫ్ మాత్రం, "ఎనిడ్‌ని కూడా ఓ మాట అడుగుదాం," అన్నాడు. ఆ మాట హెడ్లీకి నచ్చలేదు.

ఎవర్నీ అడక్కుండా పోస్టులో తెప్పించాడు. చిన్న బిళ్లలు, గట్టివి. ఒకదానికొకటి అంటుకుంటే గోళ్లు విరగాల్సిందే. పట్టాల కింద అతికించి, అందర్నీ పిలిచి రైలు నడిపించాడు. ఆపకముందే కొక్కేలు ఊడాయి. ఇంజిన్ సగం బండితో ఊరు దాటిపోయింది. మిగతా సగం యార్డు ముందు నిలబడిపోయింది. పక్క పట్టా మీద ఊరికే ఉన్న వ్యాగన్ ఒకటి, ఇనుప ఇరుసును అయస్కాంతం లాగుతుంటే, దయ్యం పట్టినట్టు తనంతట తనే దొర్లుకుంటూ వచ్చి ఆగింది. హాలంతా ఘొల్లుమంది.

"మరీ గట్టివండీ," అంది ఎనిడ్ మెల్లగా. సంచీలోంచి ఓ నల్ల ముక్క తీసింది. "ఇది చూడండి. మా వంటింటి బీరువా తలుపుది."

"బీరువా తలుపుకి పెట్టేది రైలుకి పెడతారా?"

"మీ కొట్లోనే కొన్నాను. మీరే కాగితంలో చుట్టి ఇచ్చారు."

అట్టముక్కలు ఒక్కొక్కటే అడ్డం పెట్టి, లాగుడు తగ్గిస్తూ చూసింది. బండి ఆపితే కొక్కెం ఊడింది. ఆపకుండా పోతే ఊడలేదు. విల్ఫ్ చప్పట్లు కొట్టాడు. హెడ్లీ ఇన్నేళ్లు కొక్కేలు తగిలించినా ఏ రోజూ కొట్టలేదు.

హెడ్లీ కోటు తొడుక్కుని వెళ్లిపోయాడు. తర్వాతి మంగళవారం సంఘానికి పోలేదు. ఆపై మంగళవారమూ పోలేదు. విల్ఫ్ వస్తాడని కిటికీ దగ్గర కూర్చున్నాడు, రాలేదు. చివరికి పొగాకు కొనే నెపంతో బజారుకి వెళ్లి, చేపల వేపుడు దుకాణం అద్దంలోంచి తొంగి చూశాడు. విల్ఫ్, ఎనిడ్ ఎదురెదురుగా కూర్చున్నారు. విల్ఫ్ కరకర పలుకులు ఏరి ఆమె కాగితంలో వేస్తున్నాడు.

పెళ్లాం మరొకడితో లేచిపోయిన మగవాళ్లని హెడ్లీ కొట్లో చాలామందిని చూశాడు, లోపల నవ్వుకున్నాడు కూడా. ఇప్పుడు అలాంటి మొహంతోనే వానలో తడుస్తూ ఇల్లు చేరాడు. పిల్లి మీద అరిచాడు.

ఓ పొద్దున తలుపు కొట్టింది ఎవరో కాదు, ఎనిడే. చేతిలో వ్యాగన్ల పళ్లెం.

"లోపలికి రమ్మనరా? తడుస్తున్నాను."

"రండి. విల్ఫ్ పంపాడా?"

"ఆయన పంపడు. మీరొచ్చి బతిమాలాలని చూస్తున్నాడు. రోజూ మీ జపమే. 'హెడ్లీ ఉంటే ఇలా చేసేవాడు, హెడ్లీ ఉంటే అలా చేసేవాడు.' నా చెవులు తూట్లు పడ్డాయి."

హెడ్లీకి చెవులు వేడెక్కాయి. "చేపలు బాగానే తింటున్నారుగా ఇద్దరూ."

ఆమె అతన్ని కాసేపు చూసింది. "ఓహో, అదా సంగతి! అయ్యా, మీ విల్ఫ్‌ని నేనెత్తుకుపోను. ఒక మొగుడికి వండి వార్చి సాగనంపాను, చాలు. నాక్కావలసింది ఆ యార్డు. అక్కడ నేల వాలుగా ఉంది. కొక్కెం ఊడుతోంది గాని, ఊడిన వ్యాగన్ నిలవడం లేదు, దొర్లిపోతోంది. ఏం చెయ్యాలో నాకు తట్టడం లేదు."

హెడ్లీ లేచి, మెట్ల కింది డబ్బాలోంచి పాత రంగుల కుంచె తెచ్చి, దాని వెంట్రుకలు రెండు కత్తిరించాడు.

"వీటిని పట్టాల నడుమ నిలబెట్టండి. ఇరుసుని కొంచెం పట్టుకుంటాయి. ఇంజిన్ లాగితే వదిలేస్తాయి."

"మీరే నిలబెట్టండి. నేను టీ పెడతా. పాలెక్కడ?"

మంగళవారం హెడ్లీ వెళ్లాడు. విల్ఫ్ తలెత్తకుండానే, "తలుపెయ్యి, చలి," అన్నాడు. అంతకుమించి ఒకరినొకరు ఏమీ అనుకోలేదు.

ప్రదర్శన రోజున యార్డు దగ్గర హెడ్లీ, ఎనిడ్ పక్కపక్కన కూర్చున్నారు. ఆమె యార్డులో ఇంజిన్ ఆపుతుంది, అతను పట్టా మారుస్తాడు. వ్యాగన్లు చెప్పినట్టు విన్నాయి. మనసు మాత్రం అంత తేలిగ్గా వినలేదు. విల్ఫ్ ఆమె పేరు ఎత్తినప్పుడల్లా హెడ్లీకి ఎక్కడో చురుక్కుమంటూనే ఉంది. మధ్యాహ్నం ఆమె తన మిల్లు మేస్త్రీని అనుకరిస్తే హెడ్లీ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు.

అవతలి కొసన విల్ఫ్ రైలు ఆపేశాడు. జనం చూస్తున్నారు. అయినా బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు.

"ఏంట్రా ఆ నవ్వులు? నాకూ చెప్పొచ్చుగా?"

"ఏం లేదులేరా. నీ రైలు చూసుకో," అన్నాడు హెడ్లీ.

విల్ఫ్ మొహం ముడుచుకుంది. హెడ్లీకి జాలి కలగాల్సింది. కలగలేదు. బెల్లం ముక్క నోట్లో వేసుకున్నట్టు, ఆ మొహాన్ని తీరిగ్గా చూస్తూ కూర్చున్నాడు.